పిడికెడు జొన్నలు

చాలా రోజులుగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వస్తున్న టపా ఇది. మతం ఊసెత్తితే వాదాలు లేస్తాయన్న జంకు ఒకటి, ఇంటిగుట్టు పదిమందిలో పెట్టుకోవడమెందుకన్న సంకోచం మరొకటి. మొన్న వేసవిలో ఊరు వెళ్ళినప్పుడు అటక మీది పాత సామాను దింపుతుంటే ఒక చిన్న మట్టి గురిగి చేతికి తగిలింది. అంచు ఒక పక్క విరిగి ఉంది. చూడగానే గుర్తుపట్టాను. ఇక రాయక తప్పదనిపించింది.

మాది గురజాలకు దగ్గరలో ఒక మెట్ట ఊరు. 2022 ఏప్రిల్ నుండి నరసరావుపేట కేంద్రంగా పల్నాడు పేరుతోనే ఒక జిల్లా ఏర్పడింది గానీ మా చిన్నతనంలో అదంతా గుంటూరు జిల్లాయే. పల్నాడనగానే బయటివాళ్ళకు బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం, కారంపూడి రణరంగం గుర్తొస్తాయి. కాస్త సాహిత్యం తెలిసినవారికి శ్రీనాథుడు గుర్తొస్తాడు. సన్నబియ్యపు అన్నానికి అలవాటుపడ్డ ఆ మహాకవి మా సీమలో జొన్నకూడు మింగలేక పల్నాటిని తిట్టిపోశాడని చాటువులు చెబుతాయి. ఆయన బాధ నాకు అర్థమవుతుంది కానీ, ఆ జొన్నకూడైనా రెండు పూటలా దొరికిన ఇళ్ళు మా పల్లెలో ఎన్ని ఉండేవని ఆయనను అడగాలనిపిస్తుంది.

మా పల్లె క్రైస్తవుల పల్లె. లూథరన్లం. మావాళ్ళు చర్చి అనేవారు కాదు, గుడి అనేవారు. రాతిగోడలు, పెంకుల కప్పు, ఒక ఇనుప గంట. పాస్టరు గారు నెలకొకసారి వచ్చేవారు. తక్కిన ఆదివారాలన్నీ ఉపదేశి గారే నడిపేవారు. ఆ ఉపదేశి గారి జీతమెంతో నాకు తెలియదు గానీ, ఆ జీతంతో ఆ ఇల్లు గడవదన్న సంగతి మాత్రం పల్లెలో అందరికీ తెలుసు. అందుకే పిడికెడు బియ్యం.

తెలియనివారి కోసం రెండు మాటలు. తెలుగునాట అనేక క్రైస్తవ సంఘాలలో ఇది పాత ఆచారం. ఇంటి ఆడవారు పొయ్యి మీద ఎసరు పెట్టి గింజలు కొలుచుకునేటప్పుడు, అందులోంచి ముందుగా ఒక పిడికెడు తీసి విడిగా ఒక గురిగిలోనో డబ్బాలోనో వేస్తారు. ఆదివారం నాడు ఆ గురిగి గుడికి వెళుతుంది. అక్కడ అందరి గింజలూ ఒకచోట పోస్తారు. అది ఉపదేశికో, దిక్కులేని ముసలివారికో, గుడి ఖర్చులకో వెళుతుంది. పేరు పిడికెడు బియ్యమే గానీ మా ఇంట్లో బియ్యమెక్కడివి? 1967లో సాగర్ కుడికాలువకు నీళ్ళు వదిలాక కాలువ కింది ఊళ్ళు వరి మొహం చూశాయి. మా ఊరు కాలువకు ఎగువన ఉండిపోయింది. ఆ ఆనకట్టకు రాళ్ళు మోసినవారిలో మా నాయనమ్మ ఉంది, మా నాన్న ఉన్నాడు. వాళ్ళు మోసిన రాళ్ళు నిలబెట్టిన నీళ్ళు వాళ్ళ చేలకు ఎక్కలేదు. కాబట్టి మా గురిగిలో పడేవి జొన్నలే.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి అతకదు.

మా సీమకు ఈ మతం తెచ్చిన మనిషి పేరు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. జర్మనీలో పుట్టి చిన్నతనంలోనే అమెరికా చేరినవాడు. అమెరికా లూథరన్లు విదేశాలకు పంపిన మొదటి మిషనరీ. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టాడు. అప్పటికి నలభై తొమ్మిదేళ్ళవాడు. భార్య చనిపోయింది. ఆ వయసులో తెలుగు నేర్చుకున్నాడు. మధ్యలో అమెరికా వెళ్ళి, యాభై దాటిన వయసులో విద్యార్థిగా కూర్చుని 1847లో వైద్యపట్టా పుచ్చుకుని మళ్ళీ వచ్చాడు. 1849లో గుంటూరు వదిలి గురజాలలో మకాం పెట్టాడు. అప్పటి గుంటూరు కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనకు అండగా నిలిచాడు. దక్షిణదేశంలో అప్పటికి ప్రయాణికుల రైలన్నదే లేదు. జ్వరాల సీమ, ఎండల సీమ. రెంటచింతల ఎండ గురించి నేటికీ ప్రతి వేసవిలో వార్తల్లో చదువుతూనే ఉన్నాం గదా, ఆ రెంటచింతల పక్క ఊరే గురజాల. అలాంటి చోట ఆ ముసలివాడు ఏళ్ళ తరబడి ఉన్నాడు. 1857లో అమెరికా తిరిగి వెళ్ళిపోయాడు. కథ అంతటితో ముగిస్తే బాగానే ఉండేది. కానీ 1869లో రాజమండ్రి మిషనును వదులుకుని వేరే సంఘానికి అప్పగిద్దామని అక్కడి పెద్దలు ఆలోచిస్తున్నారని తెలిసి, తానే వెళ్తానని లేచాడు. అప్పటికి డెబ్భై ఆరేళ్ళు! వచ్చాడు, నిలబెట్టాడు, తిరిగి వెళ్ళి 1873లో ఫిలడెల్ఫియాలో కన్నుమూశాడు.

ఈ కథ ఉపదేశి గారు ఏటా జూలై ఆఖరు ఆదివారం చెప్పేవారు. చెప్పిన ప్రతిసారీ మా నాయనమ్మ ఒకే ప్రశ్న వేసేది: "ఆయనకి ఇక్కడ వండిపెట్టిందెవురయ్యా?" ఉపదేశి గారికి సమాధానం తెలియదు. నేనూ తర్వాత కొన్ని పుస్తకాలు తిరగేశాను. నాకూ దొరకలేదు. చరిత్రలో హయ్యరు ఉన్నాడు, ఆయన పొయ్యి రాజేసిన మనిషి లేదు. నాయనమ్మ దృష్టి ఎప్పుడూ పొయ్యి మీదే.

మరొక మాట కూడా ఆ రోజుల నుండి మా వెంట వస్తోంది. అన్నం కోసం మతం మారినవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళు దానికి 'రైస్ క్రిస్టియన్స్' అని పేరు పెట్టారు, మనవాళ్ళు ఇంకా మోటుగా అన్నారు. ఈ నిందను ఊరికే కొట్టిపారేయలేం. ఎందుకంటే మా ప్రాంతపు చరిత్రంతా కరువుల చరిత్రే. 1832-33లో గుంటూరు సీమను నందన కరువు ఊడ్చిపెట్టింది. జనంలో దాదాపు మూడోవంతు పోయారంటారు. తర్వాత 1876-78లో ధాత కరువు. అప్పుడు ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉన్నాడు. సర్వేయరు పని తెలిసినవాడు కనుక బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి చూపించాడు. ఆ కరువు నెలలలో, ఏడాదికి పైగా, ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారో దేవుని కోసం వచ్చారో తేలాలి గదా అని. కరువు సహాయం ఆగిపోయాక, ఇక నా దగ్గర ఇవ్వడానికేమీ లేదు, ఇళ్ళకు పొమ్మన్నాక కూడా జనం పోలేదు. మాకు నీ డబ్బు వద్దన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2222 మందికి బాప్తిస్మమయింది. ఆ ఒరవడిలోనే 1880లలో వినుకొండ, నరసరావుపేటలు బాప్టిస్టుల కేంద్రాలయ్యాయి. వినుకొండలో 1895లో పుట్టిన జాషువా గారు కులం పేరున ఒకరు, మతం పేరున మరొకరు పెట్టిన బాధలు పడి, చివరకు 'క్రీస్తు చరిత్ర'కు 1964లో అకాడమీ బహుమతి అందుకున్నారు. అది వేరే కథ, వేరే టపాకు సరిపడేంత కథ.

క్లౌ చేసింది సబబేనా అని నేను చాలాసార్లు ఆలోచించాను. ఆకలితో ఉన్నవాడి భక్తిని అనుమానించే హక్కు కడుపు నిండినవాడికి ఎవరిచ్చారు? ఉన్నవాడి భక్తిని ఎవరూ ఇలా ఏడాది పాటు ఎండబెట్టి చూడరే! అయినా ఆ ఏడాది ఆగడం వల్లనే మా వంటివారికి జవాబు చెప్పుకునేందుకు ఒక తేదీ, ఒక అంకె మిగిలాయన్నది కూడా నిజం.

ఇక 1972. ఆ ఏడు వానలు లేవు. నాకు తొమ్మిదేళ్ళు. మాకున్న రెండెకరాల ఎర్రచేలో వేసిన జొన్న మోకాలెత్తున ఎండిపోయింది. చొప్ప కూడా దక్కలేదు. నాన్న నడికుడి వైపు పనికి పోయి పది రోజులకొకసారి వచ్చేవాడు. ఇంట్లో ఒక పూట సంకటి, ఒక పూట గంజి. కొన్ని రోజులు గంజి ఒక్కటే. అయినా నాయనమ్మ జొన్నలు చాటలో పోసుకోగానే ముందుగా పిడికెడు తీసి గురిగిలో వేసేది. ఆ పిడికిలి మీద నాకు ఎంత కోపం ఉండేదో ఇప్పుడు చెప్పినా మీరు నమ్మరు. అందులో సంకటి ముద్ద కనబడేది నాకు.

అప్పుడే ఒక ఆదివారం ఉపదేశి గారు ఏలీయా కథ చెప్పారు. కరువుకాలంలో ఏలీయా సారెపతు అనే ఊరు వెళ్తాడు. ఊరి గవిని దగ్గర ఒక విధవరాలు పుల్లలేరుకుంటూ ఉంటుంది. ఇంట్లో కాసింత పిండి, కాస్త నూనె. తనూ కొడుకూ అది తిని చచ్చిపోదామని సిద్ధపడి ఉంటుంది. ఆయన ఏమంటాడూ? ముందు నాకొక రొట్టె కాల్చి తెమ్మంటాడు! ఆమె తెస్తుంది. కరువు తీరేదాకా ఆ పిండి తరగదు, నూనె అయిపోదు. ఉపదేశి గారు విశ్వాసం, విధేయత అని ఏదో చెబుతున్నారు. నాకు ఆ కొడుకు తప్ప మరెవరూ కనబడలేదు. తన వంతు రొట్టె ముక్క ఎవరో గడ్డపాయనకు పోతుంటే ఆ పిల్లవాడు ఏమనుకుని ఉంటాడు? బైబిలు ఆ సంగతి రాయదు.

ఆ మంగళవారం నేను గురిగిలోంచి రెండు దోసిళ్ళ జొన్నలు చొక్కా జేబుల్లోకి పోసుకుని, కొట్టుకు తీసుకెళ్ళి మరమరాలు కొనుక్కున్నాను. పోసేటప్పుడు తొందరలో గురిగి గూటి రాతికి తగిలి అంచు విరిగింది. విరిగిన పెంకును పెరట్లోకి విసిరేశాను. కంపచెట్ల వెనక కూర్చుని తిన్నాను. అంత రుచిగల మరమరాలు మళ్ళీ తినలేదు.

నాయనమ్మ చూసింది. చూసిందని నాకు తెలుసు. ఏమీ అనలేదు. అది ఇంకా భయం. ఆదివారం సగం గురిగితో గుడికి వెళ్ళాం. అందరూ పోస్తున్నారు. ఆమె వంతు వచ్చింది. గోనెపట్టా మీద గింజలు పోసి, అందరికీ వినబడేలా, "ఈ వారం మావాడికి ఆకలేసిందయ్యగారూ, తక్కువయినయి," అంది. నేను భూమిలోకి కుంగిపోయాను. దొంగ అనలేదు. ఆకలేసిందంది. ఉపదేశి గారు ఒక క్షణం ఆగి, వంగి, ఆ జొన్నలను దోసిలితో తీసి తిరిగి ఆమె గురిగిలో పోయబోయారు. నాయనమ్మ గురిగి చటుక్కున వెనక్కి లాక్కుంది. "ఇచ్చింది ఎనక్కి తీసుకునేంత కరువు ఇంకా రాలేదులే," అంది. కోపంగానే అంది.

ఆ రోజు నేను గమనించినది మరొకటి ఉంది. ఉపదేశి గారి రెండో అబ్బాయి నా తరగతివాడే. గోనెపట్టా మీది గింజలు ఎంత వచ్చాయోనని వాడు కిటికీలోంచి చూస్తున్నాడు. నేను బొక్కిన మరమరాలు వాడి సంకటి అన్న సంగతి అప్పుడు తట్టింది. నాకూ వాడికీ ఆ తర్వాత ఎన్నాళ్ళో సరిగ్గా మాటలు సాగలేదు. వాడికి కారణం తెలియదు.

మా పిండి తరగకుండా ఏమీ ఉండలేదు. మా ఇంట్లో తరిగింది. ఆ వేసవిలో ఎద్దును అమ్మేశాం. ఇప్పుడు టీవీలో కోటు వేసుకున్న ప్రసంగీకులు ఈ నెల మీకు ఆశీర్వాదాల నెల, ఇస్తే నూరంతలవుతుందని చెబుతుంటే నాకు ఆ ఎద్దు గుర్తొస్తుంది. నాయనమ్మ నూరంతలవుతాయని వేయలేదు. ఒకసారి అడిగాను కూడా, ఎందుకు వేస్తావే అని. "మనకాడ కూడా ఒకళ్ళకి పెట్టేంత ఉందని తెలవాలి గదరా" అంది. దేవుడికా, ఊరికా, తనకా? ఎవరికి తెలవాలో చెప్పలేదు.

ఇక్కడ నా అనుమానమొకటి చెప్పాలి. ఓర్పు, విధేయత అనే మాటలు మా పల్లెలో రెండు చోట్ల వినబడేవి. గుడిలోనూ, ఆసామి వాకిట్లోనూ. ఓర్చుకోరా, దేవుడు చూస్తున్నాడు అని కూలి ఎగ్గొట్టిన ఆసామి కూడా అనేవాడు. బడుగువాడికి ఓర్పు బోధించడం చాలా సులువు, బోధించేవాడికి ఖర్చేమీ లేదు. అందుకే ఈ మాటలంటే నాకు యౌవనంలో ఒళ్ళు మండేది. నాన్నతో వాదించేవాణ్ణి. నాన్న మిషను బడిలో ఎనిమిది దాకా చదివినవాడు. సంఘపెద్ద. రాత్రిళ్ళు లాంతరు ముందు యోబు గ్రంథం చదివేవాడు. "యోబు ఓర్చుకున్నాడని అందరూ అంటారు గానీ, ముప్ఫై అధ్యాయాలు దేవుడితో పోట్లాడాడు. అది ఎవురూ చెప్పరు," అనేవాడు. ఆ మాట నాకు నచ్చేది. ఓర్చుకోవడమంటే నోరు మూసుకోవడం కాదన్నమాట అనుకునేవాణ్ణి.

కానీ ఆ నాన్నే నన్ను పెద్ద చిక్కులో పెట్టాడు.

1974లో గురజాల హైస్కూల్లో చేర్పించేటప్పుడు దరఖాస్తులో మతం, కులం అని గడులున్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాలవారు హిందువులై ఉండాలి. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో అలా మారినవారిని బీసీ-సి అన్నారు, నూటికి ఒక్క ఉద్యోగం. పల్లెలో చాలామంది గుడి రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో ఒక పేరు పెట్టుకునేవారు. దీన్ని మోసమని నేను అనను. మతం మారినంత మాత్రాన ఊరు మమ్మల్ని వేరే బావి నుండి తోడుకోనివ్వలేదు మరి. అక్కడి పంతులు గారొకరు మంచి మనసుతోనే, "హిందూ అని రాయవయ్యా, పిల్లాడికి పనికొస్తుంది" అన్నారు. నాన్న కాసేపు కలం పట్టుకుని కూర్చుని, క్రైస్తవుడు అని రాశాడు. బయటికి వచ్చాక నాతో, "మీ నాయనమ్మ గురిగి మోసినన్నాళ్ళూ ఇది రాయలేనురా" అన్నాడు.

దాని ధర 1984లో తెలిసింది. నాకూ మా చిన్నాన్న కొడుక్కూ ఒకే పరీక్షలో రెండు మార్కుల తేడా, ఎక్కువ నాకే. ఉద్యోగం వాడికి వచ్చింది. వాడు మాస్టరయ్యాడు, నేను హైదరాబాదులో ఒక ప్రైవేటు గుమాస్తానయ్యాను. మూడేళ్ళు నాన్నకు సరిగా ఉత్తరం రాయలేదు. ఆయన మాత్రం నెలనెలా రాసేవాడు. వానల సంగతి, ధరల సంగతి, గుడి సంగతి. క్షమించమని ఒక్క మాట లేదు, సమర్థించుకోవడమూ లేదు.

1996లో మా అబ్బాయిని బడిలో వేసేటప్పుడు అదే గడి నా ముందుకు వచ్చింది. నేను హిందూ అని రాశాను. ఆ వారం నాన్న మా ఇంట్లోనే ఉన్నాడు. కాగితం బల్ల మీద ఉంటే చూశాడు. చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నీ బిడ్డ, నీ ఇష్టం. గుడి రిజిస్టరులో వాడి పేరు కొట్టెయ్యమని మాత్రం నన్ను అడగమాక," అన్నాడు. అంతే. ఆ తర్వాత భోజనానికి కూర్చున్నాం. ప్రార్థన చేశాడు, మావాడి పేరు ఎత్తి మరీ చేశాడు.

నాన్న 2011లో పోయాడు. సమాధి ఆరాధనలో పాస్టరు గారు సంఘపు రిజిస్టరులోంచి మా కుటుంబం పేర్లన్నీ చదివారు. నాయనమ్మ, నాన్న, అమ్మ, నేను, వరుసగా. చివర మావాడి పేరు. వాడి సర్టిఫికెట్లలో లేని పేరది. మావాడు నా వైపు చూశాడు. "అది ఎవరు నాన్నా?" అన్నట్టుంది ఆ చూపు. వాడికి ఇంజనీరింగు సీటు వచ్చింది నేను రాసిన పేరు మీద. నేను తప్పు చేశానా? ఇప్పటికీ తేల్చుకోలేదు. నాన్న ఒప్పు చేశాడా అంటే అదీ తేల్చుకోలేదు. ఆయనకు మూల్యం తెలుసు, తెలిసే చెల్లించాడు. కాకపోతే చెల్లించింది నా జేబులోంచి. సారెపతు పిల్లవాడి సంగతి నాకు ఇప్పటికీ తీరని అనుమానంగా ఉన్నది అందుకే.

మొన్న గురిగి దొరికినప్పుడు ఊళ్ళో ఉంటున్న మా వదిన నవ్వింది. "ఇప్పుడెవురు పోస్తన్నారు జొన్నలు? కవర్లలో డబ్బులు ఏస్తన్నారు. కుర్రోళ్ళయితే ఫోన్లోనే కొడతన్నారు," అంది. గుడి కూడా కొత్తది కట్టారు, పైన స్లాబు, గోడలకు టైల్సు. పాత గంట మాత్రం ఉంచారు.

గురిగిని పాత పంచెలో చుట్టి హైదరాబాదు తెచ్చుకున్నాను. ఇందులో ఏం పోయమంటారని మా ఆవిడ అడిగింది. ఏమీ తోచలేదు. ప్రస్తుతానికి వంటింటి గట్టు మీద, బియ్యం డబ్బా పక్కన, బోర్లించి ఉంది.